పడగొట్టిన టాకీసు ఎనక

అమీర్‌పేట, రాత్రి ఎనిమిది గంటల బ్యాచి, మూడో అంతస్తు.
కింద జిరాక్సు షాపులు షట్టర్లు గుంజుతున్నయి.
సంచి ఇంకా నా భుజానికే ఉన్నది,
దాంట్ల ఇయ్యని పార్సిల్ ఒకటి.

వసుంధర మేడమ్ బోర్డు మీద రాసింది: దట్.
దాని పక్కనే ఇంకో దట్.
"ఒకటి చూపెట్టే వేలు, ఒకటి ముడేసే దారం.
మొకం ఒకటే, పనులు వేరు."
ఎనక బెంచీల మక్బూల్ నవ్విండు:
"మా హోటల్ల చిన్నోని లెక్క మేడమ్,
టేబులూ వాడే తుడుస్తడు, బిల్లూ వాడే అరుస్తడు."

నేను మధ్యాహ్నం సంగతి చెప్పిన.
నారాయణగూడల ఒక సారు, ఫోన్ల, ఇంగ్లీషుల తోవ చెప్పిండు:
దట్ బిల్డింగ్ విచ్ ఈజ్ బిహైండ్
దట్ థియేటర్ విచ్ వాజ్ డిమాలిష్డ్.
పెట్టేసిండు.
బండి స్టాండేసి చూసిన. థియేటర్ యాడిది?
నీలం రేకుల కంచె, లోపల క్రేను, క్రేను మీద కాకి.
టికెట్ల లైనుకు పాతిన ఇనుప కడ్డీలు మాత్రం
రెండు మిగిలినయి ఫుట్‌పాతు మీద.
వాటిని పట్టుకొని పోతే ఇల్లు దొరికింది.

"అదే తెలుగుల చెప్పు," అన్నది మేడమ్.
పడగొట్టిన టాకీసు ఎనకున్న బిల్డింగు.
చెప్పినంక నాకే గుబుక్కుమన్నది.
మనం ముందుగాల్నే పడగొడ్తం.
టాకీసు అనేసరికి ఆడ మట్టే ఉంటది.
ఇంగ్లీషుల అట్ల గాదు.
దట్ థియేటర్ అనంగనే లేచి నిలబడ్తది,
సమోసాల వాసనతోని, ఇంటర్వెల్ గంటతోని,
విచ్ వచ్చి గునపం దించేదాక.
రెండు సెకండ్లు.
నేల టికెట్టోనికి జాగ దొరకబట్టుకోనీకి
అవి చాలు.

మక్బూల్ అన్నడు: "వో టాకీస్ జో థా."
అంతే అన్నడు. ఇంకేం కలపలే.

మనకూ ఉన్నదిలే ఆ ముడి.
మొన్న బస్తీ మీటింగుల కార్పొరేటరు మైకు పట్టుకొని
ఏదైతే నాలా ఉన్నదో ఆ నాలాను,
ఏ సమస్యైతే ఉన్నదో ఆ సమస్యను...
గంటసేపు ముడేసిండు.
నాలా అట్లనే ఉన్నది.

ఇంకోటి చెప్పలే క్లాసుల.
ఆ ఇంటి తలుపు మూసుకున్నంక
లోపల సారు ఎవరితోనో అంటున్నడు:
దేర్ వాజ్ దిస్ గై హూ కుడ్‌నాట్ ఫైండ్ ద ప్లేస్.
దిస్ అన్నడు. దట్ అనలే.
మనమైతే ఎవడో ఒకడు అంటం, లేకుంటే ఆ డెలివరీ పోరడు అంటం.
దిస్ అంటే చేతికందే దూరం గదా,
తలుపేసి మరీ నన్ను అంత దగ్గర ఎందుకు పెట్టుకున్నడో!
మెట్ల మీద నిలబడి
తిట్టుకోవాల్నా మురవాల్నా తెలువక
చెప్పులేసుకున్న.

ఆఖరికి మేడమ్ కాగితాలు పంచింది.
"తలా ఒక వాక్యం. దట్ ఉండాలె, విచ్ ఉండాలె."
మా కాలనీ పేరుల చెరువు ఉన్నది. కాలనీల లేదు.
వానకాలం వస్తే మాత్రం
ఎవ్వరినీ తోవ అడగకుండ ఇంట్లకొస్తది,
మంచం కోళ్లు పట్టుకొని
తన జాగ తాను చూసుకొని పోతది.
రాసిన: దట్ లేక్ విచ్
ఆడ పెన్ను ఆగింది.

మేడమ్ వంగి చూసింది. "తర్వాత?"
"స్పెల్లింగు యాదికొస్తలేదు మేడమ్," అన్న.
అబద్ధం. అన్నీ యాదికున్నయి:
ఏ సాలు మొరం పోసిన్రో, ఎన్ని లారీలో.
ఆమె ఎర్ర పెన్నుతోని పక్కన ఒక ప్రశ్నగుర్తు పెట్టింది.
దాని కింద చుక్క
నీళ్లల్ల పడ్డ గులకరాయి లెక్కున్నది.

దిగొచ్చి బండి తీసిన.
సంచిల పార్సిల్ మీద అడ్రసు మల్ల చదివిన:
చెరువు కట్ట ఎదురుంగ.
పొద్దుపోయింది. రేపిస్త.